మాతృపిండి సర్వీసు రిజిస్టరు

గోనెసంచుల ప్రమాణాల శాఖ కమిషనర్ గారు ఇటలీ దేశంలో గోనెసంచుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి పదకొండు రోజులు వెళ్ళొచ్చారు. ఆ దేశంలో గోనెసంచులు వాడరన్న సంగతి మొదటి రోజు మధ్యాహ్నానికే తేలిపోయింది. మిగిలిన పది రోజులూ ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాదు గనక, బసలో పొద్దున్న పూట పెడుతున్న రొట్టెను అధ్యయనం చేశారు. దాన్ని చబాటా అంటారు. పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది, అడ్డంగా కోస్తే నిండా చిల్లులే. సంచుల్లో చిల్లులు లెక్కపెట్టడం తప్ప మరో పని ఎరగని శాఖను ఏలుతున్న మనిషికి ఆ రొట్టెను చూడగానే పరాయి దేశంలో సొంత ఊరివాడు కనిపించినట్టయింది.

ఇటలీలో బుద్ధున్నవాడెవడూ ఈ రొట్టె కొనడనీ, ఇంట్లోనే కాల్చుకుంటాడనీ అక్కడి వంటవాడు చెప్పాడు. ఆ మాట కమిషనర్ గారి మనసులో నాటుకుంది. 1961 నుంచీ రోజూ ఇంత పిండీ ఇన్ని నీళ్ళూ వేసి బతికిస్తున్నామంటూ వాడిచ్చిన పులిసిన పిండి ముద్దను, వెంట తీసుకెళ్ళిన ఆవకాయ జాడీ కడిగి, అందులో పెట్టుకుని విమానం ఎక్కారు. జాడీ సరిగా కడగలేదని తర్వాత అందరికీ తెలిసింది గాని, ఆ ఘాటును శాఖ రికార్డుల్లో ఇటలీ పరిమళం అనే రాశారు.

వచ్చిన వారానికి సర్క్యులర్ దిగింది. 'విషయం: ఉద్యోగులు ఇటలీ రొట్టెను బజారున కొనుగోలు చేయుట మాని స్వగృహమందు స్వహస్తములతో కాల్చుకొనుట - మార్గదర్శకాలు - జారీ చేయడమైనది.' పదహారు పేజీలు. శాఖలో అప్పటిదాకా ఇటలీ రొట్టె కొన్నవాడు లేడు, చూసినవాడూ లేడు. మానాలంటే ముందు అలవాటు ఉండాలి గదా అని కొందరు నిజాయితీపరులు కొనడానికి బజారుకు వెళ్ళారు. దొరకలేదు.

ఆ ముద్దకు మాతృపిండి అని నామకరణం చేసి, దాన్ని ముక్కలు కోసి, స్టీలు డబ్బాల్లో పెట్టి, లక్క సీలు వేసి, జిల్లాలకు పంపారు. ఆదోని డివిజనల్ ఆఫీసుకు ఒక డబ్బా వచ్చింది. దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలా అని డివిజనల్ ఆఫీసరు పరాంకుశం గారు హాలంతా కలయజూశారు. ఇంట్లో భార్యాబిడ్డలున్న వాళ్ళందరూ ఫైళ్ళలో తలలు దూర్చారు. తల దూర్చనివాడు సీనియర్ అసిస్టెంటు గుంపస్వామి ఒక్కడే. సర్క్యులర్‌ను ఏడో పేజీ దాకా చదివినవాడు కూడా అతనొక్కడే.

ఏడో పేజీలో అతని బతుకుంది. గృహ రొట్టె కాల్చినట్టు ధ్రువీకరణ పొందిన వారికి బదిలీల కౌన్సెలింగులో ఇరవై మార్కులు. గుంపస్వామిది బొబ్బిలి. భార్య నూకరత్నం బొబ్బిలిలోనే ప్రాథమిక పాఠశాల టీచరు. పెళ్ళయి ఏడేళ్ళయింది, అందులో ఆరేళ్ళు అతను ఆదోనిలోనే ఉన్నాడు. మూడు బళ్ళు మారితే గాని ఇల్లు చేరడు. ఐదేళ్ళ కూతురు అతన్ని ఫోన్లో చూసి నాన్నా అంటుంది, ఇంటికొస్తే మాత్రం తల్లి వెనక దాక్కుంటుంది. భార్యాభర్తలు వేర్వేరు ఊళ్ళలో ఉద్యోగాలు చేస్తుంటే నలభై మార్కులు ఇస్తారు. బొబ్బిలికి అరవై కావాలి. ఆ తక్కువైన ఇరవై ఏ దేవుడి దగ్గర దొరుకుతాయా అని ఆరేళ్ళుగా మొక్కుతున్నవాడికి అవి రొట్టెలో కనిపించాయి.

గుంపస్వామి ఉండేది మేడ మీద ఒక్క గది. పొయ్యంటే గ్యాసు స్టౌ, గిన్నెలంటే కుక్కరూ రెండు తపేలాలూ. కుక్కరు అడుగున ఇసుక పోసి, విజిల్ తీసేసి, దాన్నే రొట్టె బట్టీ చేసుకున్నాడు. చబాటా పిండి చపాతీ పిండిలా ముద్దకట్టదు, చేతికి జిగురులా అంటుకుంటుంది. పిసకకూడదు, అరగంటకోసారి తడి చేత్తో మడత పెట్టాలి. ఆదోని ఎండకు నాలుగు గంటల్లో పులవాల్సింది గంటలోనే పులిసి పొంగి డబ్బా మూత తన్నేసేది. అందుకని డబ్బాకు తడిపిన గోనెపట్టా చుట్టాడు. శాఖలో ఇరవై ఏళ్ళలో గోనెసంచితో ఒక మనిషికి పనికొచ్చే పని జరగడం అదే మొదలు.

మొదటి రొట్టెను కింద ఉండే ఇంటి ఓనరావిడ తలుపుకు అడ్డం పెట్టుకుంది. రెండోదీ మూడోదీ అంతే. తొమ్మిదో రొట్టెకు పై పెచ్చు ఎర్రగా కాలి, వేలితో కొడితే డొల్లగా మోగింది. కోసి చూస్తే ముప్పై ఒక్క చిల్లులు. గుంపస్వామి వాటిని మూడుసార్లు లెక్కపెట్టి, ఒక ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమలకుండా కూర్చున్నాడు. నిజంగానే బాగుంది. అతనికి ఏడుపొచ్చింది. ఫోన్లో చూపిస్తే నూకరత్నం, ఇంత బాగా వచ్చినదాన్ని ఒక్కరూ కూర్చుని తింటున్నారా అని అడిగింది. కౌన్సెలింగు అయిపోతే ముగ్గురం కూర్చుని తిందామని చెప్పాడు.

ఈలోగా ఆడిటు వచ్చింది. మాతృపిండిని పరాంకుశం గారు కుర్చీలూ బల్లలూ ఉండే డెడ్ స్టాకు రిజిస్టర్లో ఎక్కించారు. ఆడిటరు దాన్ని పట్టుకున్నాడు. రోజుకు రెండుసార్లు తింటూ పొంగుతూ ఉన్న పదార్థాన్ని డెడ్ అని ఎలా రాశారన్నాడు. పరాంకుశం గారు గంటసేపు ఆలోచించి ఒక నోటు రాశారు: 'ప్రాణమున్న, ఆఫీసులో హాజరై ఉన్న, ఆఫీసు ఖర్చుపై జీవించుచున్న ప్రతిదానికీ శాఖలో ఒక్కటే రిజిస్టరు కలదు. అది సర్వీసు రిజిస్టరు.' ఆ రోజే మాతృపిండి పేరిట సర్వీసు రిజిస్టరు తెరిచారు. సర్వీసులో చేరిన సంవత్సరం 1961. గుర్తింపు చిహ్నాలు: పుల్లని వాసన, మూత తీసిన వెంటనే బుడగలు. సీనియారిటీ జాబితాలో అది పరాంకుశం గారికంటే కూడా పైకి వెళ్ళింది. ఆయన ఆ రోజు నుంచీ డబ్బా ముందు కాలు మీద కాలు వేసుకోలేదు.

దానికి పూటపూటా పిండి వేసే కస్టోడియన్ స్టేషను విడిచి వెళ్ళరాదని పదకొండో పేజీలో ఉంది. పగలు ఆఫీసుకూ రాత్రి గదికీ డబ్బాను మోసే కస్టోడియన్ గుంపస్వామే గనక అతనికి సెలవులు రద్దయ్యాయి. రెండు నెలలకోసారి బొబ్బిలి వెళ్ళే మనిషి అది కూడా మానుకున్నాడు. ఇంకో మూడు నెలలేగా అనుకున్నాడు.

ఏప్రిల్లో హెడ్డాఫీసు నుంచి గృహ రొట్టె ధ్రువీకరణ సంఘం ముగ్గురు సభ్యులతో దిగింది. కొత్త ఫారాలు ఇంకా అచ్చు కాలేదు గనక సంచులు తనిఖీ చేసే పాత ఫారాలే తెచ్చారు. అందులో 'చిల్లులు మూడుకు మించినచో తిరస్కరించవలెను' అని ఉన్నచోట, మించినచో కొట్టేసి తగ్గినచో అని చేత్తో దిద్దుకున్నారు. ముందుగా సూపరింటెండెంటు హనుమంతరెడ్డి ఇంటికి వెళ్ళారు. రెడ్డిగారు ముందురోజు సాయంత్రం బస్టాండు దగ్గర బేకరీలో పెద్ద బన్ను కొని, సంచులు కుట్టే దబ్బనం పెట్టి అడ్డంగా పొడిచి ఉంచాడు. చిల్లులన్నీ ఒకే కొలతలో, వరసగా, చూడముచ్చటగా ఉన్నాయి. సంఘం వారు గేజి పెట్టి కొలిచి, ఇల్లుంది, ఇల్లాలుంది, వంటిల్లుంది, రొట్టె ఉంది అని రాసుకుని ఇరవై మార్కులు వేశారు. ఆఫీసులో అందరివీ అలాగే గట్టెక్కాయి. ఆ రోజు బేకరీలో మధ్యాహ్నానికల్లా బన్నులు అయిపోయాయి.

చివరికి గుంపస్వామి గదికి వచ్చారు. రొట్టె కోశారు. సంఘం అధ్యక్షుడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ముప్పై నాలుగు చిల్లులు, ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ, గోడలు పల్చగా మెరుస్తున్నాయి. ముగ్గురూ తలా రెండు ముక్కలు తిన్నారు. ఇంకో ముక్క రుమాల్లో చుట్టుకున్నారు. ఆ తర్వాత అధ్యక్షుడు గది నాలుగు మూలలూ చూసి, కుటుంబం ఎక్కడన్నాడు. బొబ్బిలిలో అని గుంపస్వామి చెప్పాడు.

"అయితే చిక్కే. గృహమనగా ఉద్యోగి తన కుటుంబంతో కలిసి నివసించు స్థలమని నాలుగో క్లాజు సెలవిస్తోంది. ఇది గది. గృహం కాదు. గృహంలో కాల్చని రొట్టె గృహ రొట్టె కానేరదు" అన్నాడు అధ్యక్షుడు, పెదాలకంటుకున్న పెచ్చు తుడుచుకుంటూ.

మరి ఇదేం రొట్టె అని గుంపస్వామి అడిగాడు. సర్క్యులర్లో రొట్టెలు రెండే రకాలు: గృహమందు కాల్చినవి, బజారున కొన్నవి. మొదటిది కానిది రెండోదే అవుతుందని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. వారం తిరక్కుండా మెమో వచ్చింది: మార్గదర్శకాలకు విరుద్ధంగా బజారు రొట్టె కొనుగోలు చేసి అధికారుల ఎదుట ప్రదర్శించినందుకు తమపై ఎందుకు చర్య తీసుకోరాదో ఏడు రోజుల్లోగా తెలుపవలెను. మొత్తం ఆఫీసులో బజారు రొట్టె కొన్నందుకు మెమో అందుకున్నది రొట్టె కాల్చినవాడు ఒక్కడే.

హనుమంతరెడ్డి చెడ్డవాడు కాదు. సాయంత్రం అతన్ని టీకి తీసుకెళ్ళి, "ఏమప్పా స్వామీ, నీకెంత చెప్పినా అర్థం కాదే. రొట్టె నిజంగా కాల్చాల్సిన పనేముండాది? ఇల్లొకటి చూపించు చాలు. నీ భార్యను పిలిపించుకోరాదా, బడికి ఎండాకాలం సెలవులే కదా" అన్నాడు.

ఆ మాట గుంపస్వామికి వరంలా వినిపించింది. సంఘానికి పునఃతనిఖీ కోరుతూ అర్జీ పెట్టాడు. మే రెండో వారంలో నూకరత్నం కూతుర్ని తీసుకుని మూడు బళ్ళు మారి ఆదోని వచ్చింది. ఆ ఒక్క గదిలో ముగ్గురూ పది రోజులున్నారు. నూకరత్నం కిటికీకి చీర కట్టింది, గోడకు క్యాలెండరు తగిలించింది, స్టౌ పక్కన తాళింపు డబ్బా పెట్టింది. కూతురు మూడో రోజుకు తల్లి వెనక నుంచి ఇవతలికి వచ్చింది, నాలుగో రోజు పిండిని మడత పెట్టనిచ్చేదాకా ఊరుకోలేదు. గుంపస్వామికి ఆ పది రోజుల్లో మార్కుల సంగతే గుర్తు రాలేదు. సంఘం వచ్చేసరికి ముగ్గురూ కింద కూర్చుని రొట్టెను పప్పులో ముంచుకుని తింటున్నారు. సంఘం కూడా కూర్చుంది. గృహం రుజువైంది, మెమో రద్దయింది. ఇరవై మార్కులు పడ్డాయి.

జూన్ మొదట్లో మార్కుల జాబితా వచ్చింది. గుంపస్వామి పేరు ఎదురుగా రొట్టెకు ఇరవై ఉంది. మొత్తం కూడా ఇరవయ్యే. పరుగెత్తుకుని పరాంకుశం గారి గదికి వెళ్ళాడు.

పరాంకుశం గారు కళ్ళద్దాలు తుడుచుకుని నెమ్మదిగా వివరించారు. "నీవు కుటుంబంతో కలిసి నివసిస్తున్నట్టు సంఘం ధ్రువీకరించింది. కలిసి నివసిస్తున్న భార్యాభర్తలను వేర్వేరు ఊళ్ళలో ఉన్నట్టు పరిగణించి నలభై మార్కులు ఇచ్చుట పరస్పర విరుద్ధం. నీ కాపురానికి నీ రొట్టే సాక్ష్యం."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. కాపురం ఉంటే రొట్టె మార్కులు, లేకపోతే భార్య మార్కులు. రెండూ కావాలంటే ఒకే సమయంలో కలిసీ ఉండాలి, విడిపోయీ ఉండాలి. ఆరేళ్ళలో ఎన్నడూ గొంతు పెంచని గుంపస్వామి ఆ రోజు గట్టిగా అడిగాడు, మా ఆవిడ సెలవులయ్యాక వెళ్ళిపోయింది గదా సార్, మళ్ళీ వేరే ఉంటున్నాం గదా అని. అయితే ఆ రోజు నుంచీ నీది మళ్ళీ గదేననీ, ఇరవై కూడా తీసెయ్యాల్సి వస్తుందనీ, తాను దయతలచి ఆ సంగతి పైకి రాయడం లేదనీ పరాంకుశం గారు చెప్పారు.

మిగిలింది కమిషనర్ గారే. జూన్ నెలాఖరున మాతృపిండి వార్షిక తనిఖీ ఉంది. కస్టోడియన్లు డబ్బాలతో, సర్వీసు రిజిస్టర్లతో హెడ్డాఫీసుకు రావాలి. గుంపస్వామి డబ్బాకు తడి గోనెపట్టా చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు. తన అర్జీ కూడా సర్వీసు రిజిస్టర్ లోపల పెట్టాడు. అందులో సూటిగా రాశాడు, ఒకరం ఆదోనిలో, ఒకరం బొబ్బిలిలో విడిపోయి ఉన్నామని, ఇంక ఓపిక లేదని.

కమిషనర్ గారు డబ్బా మూత తీసి కళ్ళు మూసుకుని వాసన పీల్చారు. రిజిస్టరు తిరగేశారు. అర్జీ చదివారు.  గుంపస్వామి ఆయన కళ్ళలో నీళ్ళు చూశాడు, ఆరేళ్ళలో మొదటిసారి తన మాట ఒక మనిషికి చేరిందనుకున్నాడు.

"విడిపోయారా" అన్నారు కమిషనర్ గారు, డబ్బాను రెండు చేతులా పట్టుకుని. "నా చేత్తో నేనే కోశాను. ఒకే ముద్ద. ఒక ముక్క ఆదోనికి, ఒక ముక్క బొబ్బిలికి. అరవై ఏళ్ళు ఒక్కటిగా బతికినదాన్ని ఇలా విడదీశామే, మనం మనుషులమేనా?"

నేను నా గురించి రాసుకున్నాను సార్ అని గుంపస్వామి అన్నాడు. ఆ మాట వినేపాటికి ఆయన స్టెనోను పిలిచేశారు. కుటుంబ విభజన కారణంగా, మానవతా దృక్పథంతో, అన్ని నిబంధనలూ సడలిస్తూ, ఆదోని మాతృపిండిని తక్షణమే బొబ్బిలికి బదిలీ చేయడమైనది. గుంపస్వామి ఒక అడుగు ముందుకు వేశాడు. కస్టోడియన్ని గదా, దాని వెంట నేను కూడా వెళ్ళాల్సిందే గదా సార్ అన్నాడు. వెళ్ళాల్సిందేనని ఆయన ఒప్పుకున్నారు. డబ్బాను స్వయంగా అప్పగించి, రసీదు పుచ్చుకుని, తర్వాతి బండికే ఆదోని వచ్చి విధుల్లో చేరాలి. కస్టోడియన్ బాధ్యత ఆదోని ఆఫీసుకు మంజూరైంది, పిండి ఉన్నా లేకపోయినా అది అక్కడే ఉంటుంది, దాన్ని కదపడానికి తనకు కూడా అధికారం లేదని చెప్పి, ఆయన రుమాలుతో కళ్ళొత్తుకున్నారు.

రెండు రోజుల తర్వాత పొద్దున పదకొండు గంటలకు గుంపస్వామి బొబ్బిలి ఆఫీసు మెట్లెక్కాడు. అక్కడి గుమాస్తా కృష్ణమూర్తి పట్నాయక్ సీలు కవరు చించి ఆర్డరు తీసి, బొబ్బిలి ముక్కను కూడా ఆ డబ్బాలోనే కలిపి, డబ్బా తరఫున జాయినింగ్ రిపోర్టు తనే రాసి, మూత మీది తేమను కాగితానికి అద్ది అదే దాని వేలిముద్ర అన్నాడు. మరో కాగితం మీద ఇంకేదో రాసుకుంటూ, ఆరేళ్ళుగా పీడిస్తున్న బెడద వదిలిందన్నాడు. ఏం బెడదని గుంపస్వామి అడిగాడు.

"మాకున్నది ఒక్కటే సీనియర్ అసిస్టెంటు ఖాళీ గదండీ. సర్వీసు రిజిస్టరు ఉన్నదాన్ని ఊరికే ఉంచకూడదంట, దీన్ని ఆ పోస్టులో చూపించమని ఆర్డర్లో మూడో పేరా. ఇంక మాకు ఖాళీల్లేవు" అన్నాడు పట్నాయక్, పెన్ను మూత పెట్టి.

గుంపస్వామి ఆర్డరు లాక్కుని మూడో పేరా చదివాడు. పట్నాయక్ ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఇకమీదట పిండిని కుటుంబం ఉన్న గృహంలోనే ఉంచాలని ఈ ఆర్డర్లోనే కొత్త నిబంధన, ఈ ఆఫీసులో అందరూ ఇంట్లో ఒప్పుకోలేదని రాసిచ్చారు, ఊళ్ళో శాఖకు తెలిసిన ఇల్లు మీదొక్కటే, మీ ఆవిడగారి పేరు మీద అప్పగింత కాగితం కొట్టేశాం, దారిలోనే గదా, కాస్త దించేసి పొమ్మన్నాడు.

నూకరత్నం పూట సెలవు పెట్టి గుమ్మంలో నిలబడి ఉంది. బదిలీ ఆర్డరుతో వస్తున్నానని అతను ఫోన్లో చెప్పిన మాటను ఆమె తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. నీచు కూర వండింది. కూతురికి కొత్త గౌను వేసింది. అతను జరిగిందంతా చెప్పాడు. పోస్టు నిండిపోయిన సంగతి కూడా దాచలేదు. ఆమె విన్నంతసేపూ డబ్బా వైపే చూసింది.

"ఈ పిండికిచ్చిన బదిలీ మీకివ్వడానికి ఆళ్ళకేటడ్డమండీ?" అంది.

"దానికి నాకంటే సర్వీసెక్కువ, రత్నం."

ఆమె అప్పగింత కాగితం మీద సంతకం పెట్టింది. డబ్బాను వంటింట్లోకి తీసుకెళ్ళి, స్టౌ వేడి తగలకుండా నీళ్ళబిందె పక్కన పెట్టింది. గోనెపట్టా ఆరిపోయి ఉంటే తడిపి మళ్ళీ చుట్టింది. ఇదెప్పుడెప్పుడు తింటాదని అడిగింది. పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ అని చెప్పి, ఒక్క పూట తప్పినా మెమో వస్తుందని హెచ్చరించాడు.

"మరి మీరు?" అంది నూకరత్నం. అతని కోసం వడ్డించిన కంచం పీట ముందు అలాగే ఉంది.

మార్గదర్శకాలు పదహారు పేజీలు. గుంపస్వామికి అవన్నీ కంఠతా వచ్చు. పిండి ఎప్పుడు తినాలో అందులో ఉంది, కస్టోడియన్ ఎప్పుడు తినాలో లేదు. బండికి ఇంకా పది నిమిషాలే ఉందని చెప్పి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు.